మలుపులో మనల్ని తోసేదెవరు?

మన సంఘంలో ఇంజనీర్లు ఎక్కువ, ఆ తరువాత డాక్టర్లు. ఇంతమంది ఇంజనీర్లుండగా ఫిజిక్సు గురించి డాక్టరు రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. కాని గిరగిర తిరిగే యంత్రం లేకపోతే మా లాబరేటరీలో రక్తపరీక్షలు సగం జరగవు. మలుపు దగ్గర అదుపు తప్పిన కార్లలోంచి తీసిన మనుషులు చివరికి చేరేదీ మా దగ్గరికే. కనుక గుండ్రంగా తిరగడం గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు మాకూ కొంత ఉందనుకుంటాను.

హైస్కూలు పిల్లలున్న ఇళ్ళలో ఏడాదికొకసారైనా ఈ తగువు వస్తుంది. "సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ అనేది లేదుట, మా టీచరు చెప్పింది" అంటుంది అమ్మాయి. "లేకపోవడమేమిటి? అపకేంద్ర బలం అని రాసే మేమంతా మార్కులు తెచ్చుకున్నాం" అంటాడు తండ్రి. "మొన్న మీరు ఎడంపక్కకి తిప్పినప్పుడు సీటు మీద పెట్టిన పులుసు గిన్నె కుడి తలుపు దాకా జారింది. ఏదీ తోయకుండానే జారిందా?" అంటుంది తల్లి. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. ఆ ముగ్గురికీ రాజీ కుదర్చడం ఈ వ్యాసం మొదటి పని. రెండో పని ఇంకొంచెం ముఖ్యమైనది. చలికాలంలో ఫ్రీవే దిగే మలుపు దగ్గర మీ కుడికాలు ఏం చేయాలో చెప్పడం.

వడిసెల చెప్పే సాక్ష్యం

మన ఊళ్ళలో జొన్నచేనికి కాపలా కాసేవాళ్ళు మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలడం పెద్దవాళ్ళలో కొందరైనా చూసే ఉంటారు. చూడని పిల్లల కోసం చెబుతాను. వడిసెల అంటే మధ్యలో రాయి పట్టేటట్టు వెడల్పుగా అల్లిన తాడు. రెండు కొసలూ ఒక్క చేత్తోనే పట్టుకుని, రాయిని తల చుట్టూ గిరగిర తిప్పి, సమయం చూసి ఒక కొస వదిలేస్తారు. రాయి రివ్వున పోతుంది.

ఎటు పోతుంది? ఇక్కడ బొమ్మ వేయడం కుదరదు కనుక ఒక గడియారాన్ని ఊహించుకోండి. పైనించి చూస్తున్నాం. మధ్యలో కాపలావాడి చెయ్యి, అంచున రాయి. ముల్లు తిరిగే వైపుకే రాయి తిరుగుతోంది. అది సరిగ్గా 12 అంకె దగ్గర ఉన్నప్పుడు కొస వదిలాడనుకోండి. చాలామంది చెప్పే జవాబు, రాయి మధ్య నుంచి దూరంగా, 12 దాటి ఇంకా అవతలికి పోతుందని. అది తప్పు. రాయి పక్కకి, అంటే మధ్య నుంచి 3 అంకె ఎటు ఉందో ఆ దిక్కుగా, సూటిగా పోతుంది. వదిలే క్షణానికి అది అటే వెళుతోంది మరి. లెక్కల్లో ఆ దారినే స్పర్శరేఖ అంటారు. పిట్ట 12 వైపున ఉంటే కాపలావాడు రాయి 9 దగ్గరికి రాగానే కొస వదులుతాడు. అతను ఏ కాలేజీలోనూ చదవలేదు, కాని ఈ సంగతి అతని చేతికి తెలుసు. వర్షంలో సైకిలు తొక్కితే చక్రం బురద చొక్కా వీపు మీద పడేదీ ఈ లెక్క ప్రకారమే. మడ్‌గార్డు పెట్టడం అందుకే.

నిజంగా రాయిని బయటికి తోసే బలం ఏదైనా ఉంటే, తాడు వదలగానే అది చేతికి ఎదురుగా బయటికే పోవాలి. పోవడం లేదు. అంటే రాయి మీద బయటికి తోపు లేదు. ఉన్నది రెండే. రాయికి తిన్నగా పోవాలనే స్వభావం ఒకటి, తాడు దాన్ని క్షణక్షణమూ చేతి వైపుకి లాగడం రెండోది. మొదటిదాన్ని జడత్వం అంటారు. అది బలం కాదు, వస్తువు స్వభావం. రెండోదే బలం. దాన్ని అభికేంద్ర బలం అంటారు. అభిముఖంలో ఉన్న "అభి"యే ఇది, అంటే కేంద్రం వైపుకి.

"మరి వడిసెల తిప్పేవాడికి చెయ్యి బయటికి లాగినట్టుంటుంది కదా?" అని అడగవచ్చు. ఉంటుంది. తాడు రాయిని లోపలికి లాగితే, అదే తాడు చేతిని బయటికి లాగుతుంది. ఆ బయటి లాగుడు చేతి మీద పనిచేస్తోంది, రాయి మీద కాదు. ఏ బలం ఎవరి మీద పనిచేస్తోందో వేరు చేసి చూస్తే ఈ విషయంలో తికమక సగం పోతుంది.

త్వరపడకుండానే త్వరణం

పిల్లలకి ఇంకో చిక్కుంది. కారు స్పీడామీటరు ముల్లు 30 మీదే కదలకుండా ఉంది. అయినా మలుపు తిరిగే కారుకి త్వరణం ఉందంటుంది పుస్తకం. తెలుగులో చదువుకున్న మనకి ఈ మాట మరీ ఇబ్బంది పెడుతుంది. "త్వర" అంటే తొందర కదా, తొందర పెరగనిదే త్వరణమేమిటి?

ఫిజిక్సులో వేగం అంటే ఎంత జోరు అన్నది ఒక్కటే కాదు, ఎటు అన్నది కూడా. జోరు మారినా త్వరణమే, దిక్కు మారినా త్వరణమే. ఉత్తరానికి వెళుతున్న కారు తూర్పుకి తిరగాలంటే ఉత్తరపు వేగం పోవాలి, తూర్పు వేగం రావాలి. ముల్లు కదలకపోయినా ఇంత మార్పు జరిగింది. ఏ మార్పుకైనా ఒక బలం కావాలి, మలుపులో ఆ బలం మలుపు లోపలి వైపుకే ఉండాలి.

అభికేంద్ర బలం ఒక పదవి

అభికేంద్ర బలం అంటే గురుత్వాకర్షణ, అయస్కాంత బలం వంటి మరో కొత్తరకం బలమని పిల్లలు అనుకుంటారు. అలా కాదు. అది మన సంఘం అధ్యక్ష పదవి లాంటిది. పదవి ఒక్కటే, అందులో కూర్చునే మనిషి మారుతూ ఉంటాడు. వడిసెలలో ఆ పదవి తాడుది. తిరునాళ్ళలో గొలుసులకి వేలాడే రంగులరాట్నం సీటుకైతే వాలిన గొలుసుది. గొలుసు నిటారుగా ఉన్నంతసేపూ బరువు మోయడమే చేస్తుంది. వాలిందంటే కొంత లోపలికి కూడా లాగగలదు. జోరు పెరిగినకొద్దీ సీట్లు ఇంకా వాలడం అందుకే. బట్టలుతికే యంత్రంలో ఆ పదవి డ్రమ్ము గోడది. గోడ బట్టల్ని లోపలికి నెడుతుంది. నీళ్ళకి మాత్రం గోడలో చిల్లులున్నచోట నెట్టేవాళ్ళు లేరు, కనుక అవి తిన్నగా తమ దారిన బయటికి పోతాయి. బట్టలు ఆరాయంటే నీళ్ళని ఎవరో తోసి కాదు, ఎవరూ ఆపక.

కాబట్టి గుండ్రంగా తిరిగేది ఏది కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోండి. లోపలికి లాగేది ఎవరు? ఎంతవరకు లాగగలరు? మిగిలిన వ్యాసమంతా ఈ రెండు ప్రశ్నలే.

మొదట ఇంట్లో చేయదగ్గ ప్రయోగం. చెంబుకి తాడు కట్టి, సగం నీళ్ళు పోసి, పెరట్లో నిలువుగా గుండ్రంగా తిప్పండి. చెంబు తలకిందులైనా నీళ్ళు పడవు. ఏదో పైకి తోసి పట్టుకుందని కాదు. పైకి వచ్చిన నీళ్ళు కిందికి పడుతూనే ఉన్నాయి, కాని పక్కకి వెళుతూ పడుతున్నాయి, చెంబూ వాటితోపాటే వంపు తిరుగుతోంది. ఆ వంపుకి భూమి లాగుడు ఒక్కటే చాలకపోతే, మిగిలింది చెంబు అడుగు నెట్టి ఇస్తుంది. నెమ్మదిగా తిప్పితే భూమి లాగుడే అవసరానికి మించిపోతుంది, మీకు స్నానమవుతుంది. చెయ్యి, తాడు కలిసి మీటరు పొడుగుంటే సుమారు 2 సెకన్లకి ఒక చుట్టు అన్నది హద్దు. అంతకంటె జోరుగా తిప్పితే తడవరు. ముందు మీరు చేసి, తరువాత పిల్లలకివ్వండి.

వేగం రెట్టింపైతే

కావలసిన అభికేంద్ర బలానికి సూత్రం చిన్నది. వస్తువు ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, మలుపు వ్యాసార్థంతో భాగించాలి. మలుపు ఎంత బిగువైతే అంత ఎక్కువ బలం కావాలన్నది అందరికీ తోచేదే. వేగం వర్గం ఎందుకు వచ్చింది? వేగం రెట్టింపు చేశారనుకోండి. తిప్పవలసిన వేగం రెండింతలయింది. పైగా అదే మలుపుని సగం సమయంలో దాటుతున్నారు, అంటే ఆ రెండింతల మార్పుని సగం సమయంలోనే చేయాలి. రెండు రెళ్ళు నాలుగు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు కావాలి.

ఇప్పుడు ఫ్రీవే నుంచి దిగే గుండ్రటి రాంపుకి వద్దాం. దాని వ్యాసార్థం 60 మీటర్లు, అంటే సుమారు 200 అడుగులనుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి రోడ్డు వాలు లేకుండా చదునుగా ఉందనుకుందాం. గంటకి 30 మైళ్ళ మీద వెళితే కారుని తిప్పడానికి దాని బరువులో సుమారు 0.3 వంతు బలం లోపలికి కావాలి. 45 మైళ్ళయితే సుమారు 0.7 వంతు. 60 మైళ్ళయితే కారు బరువుకి 1.2 రెట్లు.

లాగేది ఎవరు? స్టీరింగు కాదు. స్టీరింగు చక్రాల దిక్కుని మాత్రమే మారుస్తుంది. కారుని లోపలికి నెట్టేది రోడ్డు, టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న ఘర్షణ. నాలుగు టైర్లూ నేలకి ఆనేచోటు ఒక్కొక్కటి ఇంచుమించు అరచెయ్యంత ఉంటుంది. మొత్తం వ్యవహారం ఆ నాలుగు అరచేతుల మీదే నడుస్తోంది.

ఎంతవరకు లాగగలవు? మంచి టైర్లు పొడి రోడ్డు మీద కారు బరువులో సుమారు 0.7 నుంచి 0.8 వంతు దాకా ఇవ్వగలవు. తడి రోడ్డు మీద అది సగానికి దగ్గరగా పడిపోవచ్చు. అణిగిన మంచు మీద సుమారు 0.2, నున్నటి ఐసు మీద 0.1 వంతు. పై లెక్క పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి. 30 మైళ్ళ వేగం పొడి రోడ్డు మీద సుఖం, మంచు మీద ప్రమాదం. 45 మైళ్ళంటే పొడి రోడ్డు మీదే అంచుకి వచ్చినట్టు. 60 మైళ్ళకి ఏ మామూలు టైరూ పనికిరాదు. నున్నటి ఐసు మీద ఈ మలుపు తిరగాలంటే గంటకి 17 మైళ్ళు దాటకూడదు.

రోడ్డు ఇవ్వగలిగిన బలం చాలనప్పుడు కారుని ఎవరూ బయటికి తోయరు. వడిసెల కొస వదిలినట్టే, కారు తను వెళుతున్న దిక్కులో తిన్నగా పోతుంది. మలుపు మాత్రం దాని కిందనుంచి పక్కకి తప్పుకుంటుంది. ఇది మాటల తేడా మాత్రమే కాదు. బయటికి తోసే బలమేదో ఉందనుకునే డ్రైవరు దాన్ని ఎదిరించడానికి స్టీరింగు ఇంకా గట్టిగా తిప్పుతాడు, లేదా మలుపు మధ్యలో బ్రేకు తొక్కుతాడు. టైరుకున్న పట్టు ఒక్కటే. అందులో కొంత బ్రేకుకి ఖర్చయితే మలుపుకి మిగిలేది తగ్గిపోతుంది. సరైన ప్రశ్న వేసుకున్న డ్రైవరు మలుపు రాకముందే, కారు ఇంకా తిన్నగా వెళుతున్నప్పుడే వేగం తగ్గిస్తాడు. రాంపు మొదట్లో పసుపుపచ్చ బోర్డు మీద కనిపించే అంకె ఉద్దేశం అదే. వానులు, సామాన్ల ట్రక్కుల వంటి ఎత్తయిన బండ్లకి ఇంకో భయముంది. అవి జారకముందే దొర్లిపోవచ్చు. వాటికి ఆ బోర్డు అంకె కంటె కూడా తక్కువే మేలు.

న్యూటనుకీ మొదట తోచలేదు

"బయటికి తోసేది ఎవరు" అని కాక "లోపలికి లాగేది ఎవరు" అని అడగడం మహామహులకే ఆలస్యంగా తట్టింది. కనుక మన పిల్లలు తడబడితే సిగ్గుపడక్కర్లేదు. గుండ్రంగా తిరిగే వస్తువు లెక్కని మొట్టమొదట సరిగ్గా కట్టినవాడు హాలండు దేశపు క్రిస్టియాన్ హైగెన్సు. 1659లో కట్టిన ఆ లెక్కల ఫలితాలను 1673లో గడియారాల మీద వేసిన పుస్తకం చివర అచ్చు వేశాడు. అపకేంద్ర బలం అనే పేరు పెట్టింది ఆయనే. తిరిగే వస్తువు తాడుని ఎంత జోరుగా బయటికి లాగుతుందన్నది ఆయన చూపు. న్యూటను కూడా 1660లలో, పడుచువాడిగా ఉన్నప్పుడు, వస్తువు కేంద్రానికి దూరంగా పోవాలనే యత్నం గురించే లెక్కలు వేసుకున్నాడు.

1679లో రాబర్ట్ హుక్ న్యూటనుకి ఉత్తరం రాస్తూ, గ్రహాల గమనాన్ని మరో రకంగా చూడమన్నాడు. స్పర్శరేఖ వెంట తిన్నగా పోయే చలనం ఒకటి, మధ్యకి లాగే ఆకర్షణ ఒకటి, ఈ రెండూ కలిసినదే గ్రహం దారి అని. ఆ తరువాత 1684లో న్యూటను అభికేంద్ర బలం అనే పేరు పుట్టించాడు. హైగెన్సు పెట్టిన పేరుకి ఎదురు పేరుగానే దాన్ని పెట్టాడు. 1687లో వచ్చిన ప్రిన్సిపియా గ్రంథం నిలిచింది ఈ తిరగేసిన చూపు మీదనే.

అలా తిరగేస్తే ఏం కనిపించిందో చంద్రుడి దగ్గర చూడవచ్చు. చంద్రుడు మనకి సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉండి 27.3 రోజులకి ఒక చుట్టు తిరుగుతాడు. అంటే సెకనుకి ఒక కిలోమీటరు పైచిల్లర వేగం. తిన్నగా పోకుండా ఈ వంపులో ఉండాలంటే చంద్రుడు సెకనులో భూమి వైపుకి ఎంత ఒరగాలో లెక్క కడితే సుమారు 1.36 మిల్లీమీటర్లు వస్తుంది. మన చేతిలోంచి జారిన కాయ మొదటి సెకనులో పడేది 4.9 మీటర్లు. రెండింటి నిష్పత్తి 3,600. చంద్రుడి దూరం భూమి వ్యాసార్థానికి 60 రెట్లు. అరవై అరవైలు 3,600. చెట్టు మీది కాయని లాగేదీ, చంద్రుణ్ణి లాగేదీ ఒక్కటేననీ, అది దూరం వర్గాన్నిబట్టి తగ్గుతుందనీ ఈ లెక్క చెప్పింది. చంద్రుణ్ణి బయటికి తోసేదేమిటని అడుగుతూ కూర్చుంటే ఇది కనిపించేది కాదు.

గొట్టంలో రక్తం, కారులో బెలూను

ఇక మా లాబరేటరీకి రండి. గాజు గొట్టంలో గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తం పోసి నిలబెడితే ఎర్రకణాలు నెమ్మదిగా అడుగుకి దిగుతాయి. ఆరోగ్యవంతుడి రక్తంలో గంటకి కొద్ది మిల్లీమీటర్లే. అంతసేపు ఆగలేం కనుక గొట్టాన్ని సెంట్రిఫ్యూజిలో పెట్టి తిప్పుతాం. కేంద్రానికి 15 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 3,000 చుట్లయితే గొట్టం అడుగున అభికేంద్ర త్వరణం భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణానికి సుమారు 1,500 రెట్లు ఉంటుంది. కొద్ది నిమిషాల్లో ఎర్రకణాలు కిందా, పసుపుపచ్చ ప్లాస్మా పైనా తేలిపోతాయి. రెంటి మధ్యా సన్నని పొరగా తెల్లకణాలు. రక్తహీనత ఉందో లేదో ఎర్రటి భాగం ఎత్తుని బట్టి చెబుతాం.

కణాలని ఎవరు తోశారు? మన పాత ప్రశ్నే వేయండి, లోపలికి నెట్టేది ఎవరు? చుట్టూ ఉన్న ప్లాస్మా నెడుతుంది. కాని ప్లాస్మా ఇవ్వగలిగిన నెట్టు అంతే పరిమాణం గల ప్లాస్మాని తిప్పడానికే సరిపోతుంది. నీటితో పోలిస్తే ప్లాస్మా సాంద్రత సుమారు 1.025, ఎర్రకణాలది సుమారు 1.1. బరువైన కణానికి ఆ నెట్టు చాలదు. చాలకపోతే అది వంపు తిరగలేక కొంత తిన్నగా పోతుంది, అంటే గొట్టం అడుగు వైపుకి. చివరికి అడుగున ఉన్న గాజు ఆపుతుంది. ఇదే సూత్రం మీద స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ ద లావాల్ 1878లో మీగడ తీసే యంత్రం కట్టాడు. తిరిగే పాత్రలో పాలు అంచుకి పోతాయి, తేలికైన మీగడ మధ్యకి చేరుతుంది. అన్నిటినీ బయటికి తోసే బలమే ఉంటే మీగడ మధ్యకి ఎందుకొస్తుంది?

ఇది మీరు కారులోనే చూడవచ్చు. పుట్టినరోజు పార్టీ నుంచి తెచ్చుకునే హీలియం బెలూను దారానికి కట్టి వెనకసీటులో వదలండి, కిటికీ అద్దాలు మూసి. కారు ఎడమకి తిరిగితే పిల్లలు కుడికి ఒరుగుతారు, బెలూను మాత్రం ఎడమకి ఒరుగుతుంది. కారులో గాలికీ తిన్నగా పోవాలనే ఉంటుంది, కనుక అది కుడి వైపున కొంచెం ఎక్కువ ఒత్తిడితో చేరుతుంది. ఆ ఒత్తిడి గాలికంటె తేలికైన బెలూనుని లోపలికి నెట్టేస్తుంది. కారులో గాలి పాలయితే బెలూను మీగడ.

పైలట్ల కళ్ళు ఎందుకు చీకట్లు కమ్ముతాయి

1,500 రెట్లన్నాను. అందులో 10 మిల్లీలీటర్ల రక్తం ఉంటే గొట్టం అడుగు మోసేది సుమారు 15 కిలోల బరువుతో సమానం. గాజు పగిలేది అందుకే. టొరంటోలో కాన్సరు పరిశోధన చేస్తున్న విల్బర్ ఫ్రాంక్స్ అనే ఆయనకి ఈ ఇబ్బందే వచ్చింది. గొట్టాన్ని ద్రవం నింపిన మరో పెద్దగొట్టంలో తేల్చి తిప్పితే పగలడం లేదని ఆయన గమనించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఉపాయమే పైలట్లకి పనికివచ్చింది.

యుద్ధవిమానం గంటకి 450 మైళ్ళ వేగంతో ఒక కిలోమీటరు వ్యాసార్థంలో మలుపు తిరిగితే త్వరణం భూమి ఆకర్షణకి సుమారు 4 రెట్లు. పైలటు తల మలుపు లోపలివైపుకీ, కాళ్ళు బయటివైపుకీ ఉంటాయి. సీటు అతని శరీరాన్ని లోపలికి నెడుతుంది, కాని రక్తనాళాల్లోని రక్తాన్ని తల దాకా నెట్టవలసింది గుండె. మామూలుగా గుండె నుంచి కళ్ళ ఎత్తుకి, అంటే సుమారు 30 సెంటీమీటర్లు, రక్తం ఎక్కడానికి పాదరసపు కొలతలో సుమారు 23 మిల్లీమీటర్ల ఒత్తిడి ఖర్చవుతుంది. 4 రెట్లయితే 92. ఆరోగ్యవంతుడి సగటు రక్తపు ఒత్తిడి 95 ప్రాంతంలో ఉంటుంది. ఇక మిగిలేదేమిటి? కంటిగుడ్డు లోపల దానికదిగా సుమారు 15 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉంటుంది కనుక ముందుగా కంటికి రక్తం ఆగి చూపు మసకబారుతుంది, తరువాత స్పృహ పోతుంది. ఫ్రాంక్స్ పైలటు కాళ్ళకీ పొట్టకీ నీళ్ళు నింపిన తొడుగు తొడిగించాడు. మలుపులో ఆ నీళ్ళే నాళాలని బయటినుంచి నొక్కి రక్తం కాళ్ళలోకి జారిపోకుండా ఆపాయి. 1942లో దాన్ని యుద్ధంలో వాడారు. ఆ తరువాత వచ్చినవాటిలో ఎక్కువగా నీళ్ళకి బదులు గాలి నింపుతారు.

మరి నాన్న చెప్పింది తప్పా?

ఇప్పుడు తగువు తీర్చాలి. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి లెక్కలో అపకేంద్ర బలం లేదు. అతనికి పులుసు గిన్నె తిన్నగానే పోతోంది, దాని కిందనుంచి కారే ఎడమకి తిరిగింది. సీటుకున్న కొద్దిపాటి ఘర్షణ గిన్నెని తనతో తిప్పడానికి చాలలేదు. టీచరు చెప్పింది నిజం. కారులోనే కూర్చుని, కారు కదలడం లేదనుకుని లెక్క కట్టేవాడికి మాత్రం గిన్నె ఏ కారణమూ లేకుండా జారినట్టు కనిపిస్తుంది. ఆ లెక్క సరిపెట్టడానికి ఒక బయటి బలాన్ని కలుపుకోవాలి. అదే అపకేంద్ర బలం. తిరిగే యంత్రాలు కట్టే ఇంజనీర్లు ఈ పద్ధతిని రోజూ వాడతారు, జవాబులు సరిగ్గానే వస్తాయి. కనుక నాన్నగారి మార్కులు న్యాయమైనవే. ఒక్కటే షరతు, ఏ చోట నిలబడి లెక్క కడుతున్నామో ముందు చెప్పాలి. రోడ్డు పక్కనా, కారులోనా? సగం అటూ సగం ఇటూ నిలబడితే రెండు బలాలూ కొట్టేసుకుని, కారు మలుపే తిరగదని తేలుతుంది!

ఒళ్ళో పాప

చివరగా, డాక్టరుగా చెప్పవలసిన మాట. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకీ నాయనమ్మలకీ పసిపిల్లని సీటుకి కట్టేయడం కటికతనంగా తోస్తుంది. "నా ఒళ్ళో పడుకుంటుంది, నేను పట్టుకోనూ?" అంటారు. మన రెండు ప్రశ్నలు ఇక్కడా వేద్దాం. పాపని కారుతోపాటు తిప్పేది, ఆపేది ఎవరు? అమ్మమ్మ చేతులు. ఎంతవరకు? 10 కిలోల పాపకి ఇందాకటి రాంపు మీద 45 మైళ్ళ వేగంలో సుమారు 7 కిలోల బరువుతో సమానమైన లాగుడు చాలు. అది చేతులకి అసాధ్యం కాదు, అందుకే ఇన్నాళ్ళూ ఏమీ కాలేదనిపిస్తుంది. కాని 30 మైళ్ళ మీద వెళ్ళే కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, పాపని దానితోపాటు ఆపడానికి సుమారు 137 కిలోల బరువు ఎత్తినంత బలం కావాలి. అది ఎవరి చేతుల వల్లా కాదు. అప్పుడు పాప వడిసెల రాయే.

పిల్లల సీటు తప్పనిసరని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం టెన్నెసీ. రాబర్ట్ సాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుపట్టగా 1977లో చట్టమై 1978 జనవరి 1న అమలులోకి వచ్చింది. పెద్దవాళ్ళ ఒళ్ళో ఉంటే ఫరవాలేదని అందులో ఒక మినహాయింపు దూర్చారు. ఆ ఒక్క వాక్యాన్ని తీయించడానికి 1981 దాకా పట్టింది. 1985 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి. అల్లుళ్ళకి నా సలహా: చట్టం పేరు చెబితే అత్తగారు చిన్నబుచ్చుకుంటారు. "మీ పట్టు మీద నాకు అనుమానం లేదండీ, అత్తయ్యగారూ. అంత బలం ఏ మనిషికీ ఉండదు" అని ఈ లెక్క చెప్పండి. పక్క సీట్లో కూర్చుని పాప చెయ్యి పట్టుకుంటే ఆవిడకీ తృప్తి.

పిల్లలకి మూడు ప్రశ్నలు. ఒకటి, కారు తిన్నగా వెళుతూ బ్రేకు వేస్తే హీలియం బెలూను ముందుకి ఒరుగుతుందా, వెనక్కా? రెండు, వడిసెల గడియారపు ముల్లుకి ఎదురు దిక్కులో తిరుగుతుంటే 12 వైపున్న పిట్టకి రాయిని ఏ అంకె దగ్గర వదలాలి? మూడు, 60 మీటర్ల రాంపు మీద 30 మైళ్ళ వేగానికి ఎంత బలం కావాలో, 120 మీటర్ల రాంపు మీద ఎంత వేగానికి అంతే బలం కావాలి? జవాబులు రాసి వచ్చే సభకి తీసుకురండి. మొదటిదానికి మాత్రం పుస్తకం చూడకండి, బెలూను కొనుక్కోండి.